ఇడ్లీ సాంబార్ నుంచి బొంగులో చికెన్ దాకా

1952 సెప్టెంబర్‌లో హైదరాబాద్ వీధుల్లో వినబడ్డ నినాదాల్లో ఒకటి "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్". ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. ఇడ్లీ ఎక్కడికని పోతుంది పాపం? కానీ ఆ రోజుల్లో అది నవ్వులాట కాదు. సెప్టెంబర్ 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ దగ్గర మొదలైన గొడవల్లో పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అసలు గొడవ ఉద్యోగాల గురించి. అది టిఫిన్ ప్లేటు మీదకి ఎలా వచ్చింది?

ఒక ఊళ్ళోకి ఎవరెవరు ఎప్పుడొచ్చారో తెలియాలంటే హోటళ్ళ బోర్డులు చదివితే చాలని నా నమ్మకం. (హోటలంటే మన తెలుగు అర్థంలోనే లెండి, తినే చోటు.) అమీర్‌పేట నుంచి గచ్చిబౌలి దాకా ఒకసారి బోర్డులు చదువుకుంటూ వెళ్ళండి. ఉడిపి, ఆంధ్రా మెస్, రాయలసీమ రుచులు, కాకినాడ, పంజాబీ దాబా, ఇరానీ, అరేబియన్ మండీ, బెంగాలీ స్వీట్స్... సగం బోర్డుల మీద ఏదో ఒక ఊరో దేశమో ఉంటుంది. నాది భద్రాచలం వైపు. అలవాటు కొద్దీ మా వైపు పేరు కూడా వెతుకుతుంటాను. బోర్డుల మీద ఎప్పుడూ కనబడలేదు. మెనూ కార్డు లోపల మాత్రం ఒక ఐటెం దొరుకుతుంది, బొంగులో చికెన్. బోర్డెక్కడానికీ మెనూలో ఒక లైనుగా మిగలడానికీ తేడా ఎక్కడుందన్నదే ఇక్కడ నా ప్రశ్న.

అసలు మనవాళ్ళు ఇంటి బయట డబ్బులిచ్చి తినడం ఎప్పట్నుంచి మొదలెట్టారు? ఇంగ్లీషు వాళ్ళు వచ్చాకే అనుకుంటాం కానీ అది నిజం కాదు. వినుకొండ వల్లభరాయుడి పేరు మీదున్న "క్రీడాభిరామం"లో ఓరుగల్లులో ఒక పూటకూళ్ళ ఇంటి వర్ణన ఉంది. ఊరు చూడ్డానికి వచ్చిన ఇద్దరు స్నేహితులు, మంచనశర్మ, టిట్టిభశెట్టి, నగరమంతా తిరుగుతుంటారు. ఆ నగరంలో ఒక్క రూకకి సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంట, చక్కెర, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డపెరుగు దొరికేవట. మెనూ, రేటుతో సహా! సురవరం ప్రతాపరెడ్డి గారు "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో ఈ కావ్యాన్ని బాగా వాడుకున్నారు. కాకతీయుల రాజధాని పెద్ద నగరం, నానా దేశాల వర్తకులు వచ్చిపోయే చోటు. ఊరికి కొత్తవాళ్ళు వస్తే వాళ్ళకి ఎవరో ఒకరు వండి పెట్టాలి కదా. అలా పుట్టిందే పూటకూళ్ళ ఇల్లు.

ఆ భోజనంలో మిరపకాయ ఉండే అవకాశమే లేదు. మిరప అమెరికా ఖండం పంట. పోర్చుగీసు వాళ్ళు 1498లో మన దేశానికి దారి కనిపెట్టాకే అది ఇటొచ్చింది. అప్పటిదాకా మన ఘాటంతా మిరియాలదే. ఇప్పుడు ఖమ్మం మిర్చి యార్డు దేశంలోనే పేరున్న మార్కెట్టు, తేజా రకం మిర్చి అక్కణ్ణుంచి విదేశాలకి పోతుంది. ఓరుగల్లు భోజనంలో లేని కారాన్ని ఇప్పుడు మనం "మా తెలంగాణ కారం" అని గర్వంగా చెప్పుకుంటాం, ఆంధ్రా వాళ్ళు "మా ఆంధ్రా కారం" అంటారు. ఇద్దరిదీ నిజానికి మెక్సికో కారం :)

సరే, ఆ పూటకూళ్ళ ఇల్లు ఎవరిది? కావ్యంలో చెప్పిన ఇంటిపేరుని బట్టి బ్రాహ్మలది. మరి అక్కడ ఎవరు కూర్చుని తినగలరు? కావ్యంలో ఆ ప్రశ్న రాదు. పూటకూళ్ళ ఇళ్ళు తర్వాత కూడా ఎన్నో వందల ఏళ్ళు నడిచాయి. "కన్యాశుల్కం"లో (1897లో అచ్చయింది) గిరీశం విజయనగరంలో పూటకూళ్ళమ్మ ఇంట్లో తిని బతికాడని మనందరికీ తెలుసు. దిక్కులేని వితంతువుకి అదొక బతుకుదెరువు, ఊరికి కొత్తగా వచ్చినవాడికి కడుపు నింపే చోటు. కానీ వంట చేసేవాళ్ళ కులం, తినేవాళ్ళ కులం తెలిస్తే తప్ప అక్కడ విస్తరి పడేది కాదు.

20వ శతాబ్దంలో హోటళ్ళు వచ్చాక కూడా ఈ జబ్బు వెంటనే వదల్లేదు. దక్షిణ కన్నడ నుంచి బయల్దేరిన ఉడిపి వాళ్ళు మద్రాసు, బొంబాయి, మైసూరు, హైదరాబాదు అన్నిచోట్లా హోటళ్ళు పెట్టి దక్షిణాదికి టిఫిన్ అలవాటు చేశారు. గుడి వంట తెలిసిన చేతులు, శుభ్రం, తక్కువ ధర, త్వరగా సప్లయి. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అద్భుతమైన ఆపరేషన్స్ టీమ్. కానీ మద్రాసు హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరే గదులుండేవి. బోర్డు మీదున్న "బ్రాహ్మణ" అన్న మాట తీసెయ్యాలని పెరియార్ 1957లో ఒక హోటలు ముందు ఆందోళన నడపాల్సి వచ్చింది. ఇక పల్లెటూళ్ళ టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి నేను చెప్పక్కర్లేదు. చాలామందికి వాళ్ళ తాతలు చెప్పే ఉంటారు.

అందుకే మన రాజ్యాంగం రాసినవాళ్ళు ఒక చిత్రమైన పని చేశారు. 15వ అధికరణం రెండో క్లాజు తీసి చూడండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు కారణంగా ఏ పౌరుణ్ణీ దుకాణాల్లోకి, హోటళ్ళలోకి రాకుండా ఆపకూడదని అందులో రాసుంది. ఎన్నికలు, పార్లమెంటు, కోర్టుల గురించి మాట్లాడే పుస్తకంలో హోటలు గురించి ఎందుకు? ఎందుకంటే నలుగురిలో కూర్చుని తినడం ఈ దేశంలో ఓటు హక్కుకి ఏమాత్రం తీసిపోని విషయం. ఆ తర్వాత పదేళ్ళకి, 1960 ఫిబ్రవరి 1న, అమెరికాలో గ్రీన్స్‌బరో అనే ఊళ్ళో నలుగురు నల్లజాతి కుర్రాళ్ళు ఒక షాపు లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని, వడ్డించేదాకా లేవమన్నారు. వాళ్ళు కూడా పోరాడింది ఒక కుర్చీ కోసమే. ఆ క్లాజులో "పుట్టిన ఊరు" అన్న మాట మాత్రం కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం. ఇక్కడ కులం అడక్కుండా కూర్చోబెట్టే పని ఎక్కువగా చేసింది ఇరానీలు. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో ఇరాన్ నుంచి బొంబాయి, పూణేల మీదుగా వచ్చారు. ఒకప్పుడు పారశీకం దర్బారు భాషగా ఉన్న నగరం కాబట్టి వాళ్ళకిది మరీ పరాయి ఊరేం కాదు. పాలరాతి బల్లలు, చెక్క కుర్చీలు, ఉస్మానియా బిస్కెట్, పౌనా, వన్ బై టూ... ఒక్క చాయ్ చెప్పి రెండు గంటలు కూర్చున్నా లేవమనేవాళ్ళు కాదు. ఆబిడ్స్‌లో ఓరియంట్ అని ఒక హోటలు ఉండేది, ఇప్పుడు లేదు. కవులు, పత్రికల వాళ్ళు, రాజకీయాల వాళ్ళు పొద్దస్తమానం అక్కడే. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ టాకీస్ దగ్గర 1953లో ఒక చిన్న కెఫేగా మొదలైనదే ఇప్పటి ప్యారడైజ్ బిర్యానీ. ఇరానీ హోటల్లో రిక్షావాలా, ప్రొఫెసరు పక్కపక్కన కూర్చునేవాళ్ళంటే అతిశయోక్తిలా ఉంటుంది కానీ, పక్కవాడెవరని అడిగే పద్ధతి లేకపోవడమే చాలా పెద్ద సంగతి.

మరి ఇరానీని రమ్మన్న ఊరు ఇడ్లీని ఎందుకు పొమ్మంది?

ఇక్కడ ఒక చైనా కథ చెప్పుకోవాలి. సుంగ్ రాజుల కాలంలో కైఫెంగ్ రాజధాని. దక్షిణాది నుంచి వచ్చిన ఉద్యోగులకి, వర్తకులకి అక్కడి తిండి పడేది కాదు. వాళ్ళ కోసం దక్షిణాది వంట చేసే హోటళ్ళు వెలిశాయి. 1127లో కైఫెంగ్ శత్రువుల చేతికి పోయింది, దర్బారంతా దక్షిణానికి పారిపోయి కొన్నాళ్ళకి హాంగ్‌జౌలో స్థిరపడింది. ఇప్పుడు అక్కడ ఉత్తరాది వాళ్ళ కోసం కైఫెంగ్ వంట హోటళ్ళు తెరిచారు! తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే ఆంధ్రా మెస్ లాజిక్ అంతా అక్కడుంది. ఉద్యోగులు కదిలితే వంటవాళ్ళు కదుల్తారు. పరాయి ఊరి హోటల్ని మొదట పోషించేది ఆ పరాయి ఊరి వాళ్ళే.

హైదరాబాద్‌లో జరిగింది కూడా సరిగ్గా ఇదే. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. పాలన నడపడానికి మద్రాసు రాష్ట్రం నుంచి, ఇతర చోట్ల నుంచి ఉద్యోగులు వచ్చారు. ఇంగ్లీషు, తెలుగు వచ్చినవాళ్ళకి ఉద్యోగాలు, ఉర్దూలో చదువుకున్న ఇక్కడి కుర్రాళ్ళకి ఎదురుచూపులు. నిజాం కాలం నుంచీ ముల్కీ నిబంధనలుండేవి. 1919 ఫర్మానా ప్రకారం సర్కారు ఉద్యోగం కావాలంటే ఇక్కడే పుట్టి ఉండాలి, లేదా 15 ఏళ్ళు ఇక్కడ ఉండి ఉండాలి. బూర్గుల రామకృష్ణారావు గారి ప్రభుత్వం వచ్చాక కూడా దొంగ ముల్కీ సర్టిఫికెట్ల గొడవ ఆగలేదు. విద్యార్థులు రోడ్డెక్కారు. "నాన్-ముల్కీ గో బ్యాక్" అసలు నినాదం. "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" దాని ముద్దుపేరు.

ఆ కుర్రాళ్ళ కోపం అన్యాయమని నేననను. ఉద్యోగం పోగొట్టుకున్నవాడికి ఆఫీసు ఫైళ్ళు కనబడవు. సర్టిఫికెట్లు ఎక్కడ తయారవుతున్నాయో కనబడదు. కనబడేది కొత్తగా వెలిసిన హోటలు, అందులో పొద్దున్నే నవ్వుకుంటూ టిఫిన్ చేస్తున్న కొత్త ఆఫీసరు. కోపం కంటికి కనబడే వస్తువు మీదకే పోతుంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ హోటళ్ళు ఇంకా పెరిగాయి, కోపమూ పెరిగింది. 1969 తెలంగాణ ఉద్యమానికి మొదటి నిప్పు రాజుకున్నది మా పక్కనే, పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల దగ్గర. ఆ జనవరిలో ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహార దీక్షకి కూర్చోవడంతో అది అన్ని ఊళ్ళకీ పాకింది.

పాల్వంచ దాకా వచ్చాం కాబట్టి ఇంకో ముప్పై కిలోమీటర్లు వెళ్తే మా గోదావరి. ముల్కీ లెక్కని ఈ గోదావరి దగ్గర పెట్టి చూస్తే అసలు తమాషా తెలుస్తుంది. ఇటు ఒడ్డున బూర్గంపాడు, నిజాం రాజ్యం. అటు ఒడ్డున భద్రాచలం. అది 1860లో నిజాం చేతిలోంచి బ్రిటిష్ వాళ్ళకి పోయింది, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో కలిసింది, తర్వాత తూర్పు గోదావరి అయింది. అంటే 1952లో బూర్గంపాడు కుర్రాడు ముల్కీ, ఎదురొడ్డు భద్రాచలం కుర్రాడు నాన్-ముల్కీ! ఇద్దరూ తాగేది అదే నీళ్ళు, తినేది అదే జొన్న, అదే చేప, అదే చింతపండు పులుసు. పెళ్ళి సంబంధాలు అటూ ఇటూ పడవల మీద నడిచేవి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది, 1965లో గోదావరి మీద వంతెన వచ్చింది. హమ్మయ్య, అంతా ఒకటైంది అనుకునేసరికి 2014లో పోలవరం ముంపు కోసం ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళింది. భద్రాచలం ఊరు తెలంగాణలో మిగిలింది, ఊరి చివర దాటితే ఎటపాక, అది ఆంధ్రా. రాముడి గుడి ఒక రాష్ట్రంలో, గుడి భూములు చాలావరకు ఇంకో రాష్ట్రంలో.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో నన్ను తరచూ అడిగే ప్రశ్న, "అరే, నువ్వు ఆంధ్రానా, తెలంగాణనా?" మా తాత తూర్పు గోదావరి జిల్లాలో పుట్టాడు, మా నాన్న ఖమ్మం జిల్లాలో పుట్టాడు, నా ఆధార్ కార్డు మీద భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఉంది. ముగ్గురం పుట్టింది ఒకే వీధిలో. పుట్టిన ఊరు కదలకపోయినా సరిహద్దులు కదుల్తుంటాయి. ఇక మనిషి తినే తిండికి ముల్కీ సర్టిఫికెట్ ఎవరిస్తారు?

మరి ఆ నినాదం ఏమైంది? హైదరాబాద్‌లో ఇడ్లీ బండి లేని సందు ఇప్పుడుందా? పొద్దున్నే చార్మినార్ దగ్గర బండి చుట్టూ నిలబడి వెన్న కారే దోశ తినేది ఉడిపి వాళ్ళూ కాదు, కోస్తా వాళ్ళూ కాదు, పాతబస్తీ జనమే. కొంచెం గమనిస్తే ఈ ఊళ్ళో ప్రతి తిండీ మూడు స్టేజీలు దాటుతుంది. మొదట వచ్చినవాళ్ళు తమవాళ్ళ కోసం వండుకుంటారు. తర్వాత పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు, వెక్కిరిస్తారు, మనసులో రుచి చూడాలనుకుంటారు. ఓ తరం గడిచాక "ఇది మా హైదరాబాదీ" అని బోర్డు పెడతారు. హలీమ్ చూడండి. అరబ్బుల వంట, నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బులు ఉండే బార్కస్‌తో దాని కథ ముడిపడి ఉంది. (బార్కస్ అంటే బ్యారక్సే, సైనికుల ఇళ్ళు.) 2010లో ఆ హలీమ్‌కి హైదరాబాద్ పేరుతో జీఐ ట్యాగ్ వచ్చింది. ఆ బార్కస్ వైపు నుంచే మండీ బయల్దేరి ఇవ్వాళ హైవేల పక్కన, ఖమ్మం బైపాసు దాకా వచ్చేసింది. 2019లో యునెస్కో హైదరాబాద్‌ని గ్యాస్ట్రానమీ నగరాల జాబితాలో చేర్చింది. ఆ గౌరవంలో ఎక్కువ వాటా ఒకప్పుడు "బయటివాళ్ళ" వంటలదే.

మన ఐటీ వాళ్ళ కథ కూడా అంతే. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత మాదాపూర్ చుట్టూ ఒంటరి కుర్రాళ్ళు, పీజీ హాస్టళ్ళు, వాటి వెంట కర్రీ పాయింట్లు. అన్నం కుక్కర్లో పెట్టుకుని కవర్లో పప్పు, వేపుడు తెచ్చుకునే పద్ధతి కోస్తా వాడికి, తెలంగాణ వాడికి, సీమ వాడికి ఒకేలా పనికొచ్చింది. 2009 తర్వాత ఉద్యమం ఎంత వేడిగా ఉన్నా, పొద్దున ఫేస్‌బుక్‌లో తిట్టుకున్న వాళ్ళు రాత్రికి అదే కర్రీ పాయింట్ ముందు క్యూలో నిలబడ్డారు. 250 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీల్లో క్యాంటీన్ పెట్టించే అధికారం 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రభుత్వానికిచ్చింది. మన ఆఫీసు కెఫెటీరియాల తాతలు ఆ క్యాంటీన్లే. మా వైపు సింగరేణి బొగ్గు, పాల్వంచ కరెంటు, సారపాక పేపర్ మిల్లు, మణుగూరు భారజలం... బయటి మనుషులు వచ్చిన ప్రతిచోటా మొదట క్యాంటీను, తర్వాత గేటు ఎదురుగా టీ కొట్టు, ఆ తర్వాత మెస్సులు. అడవి అంచున ఉన్నా మావి ఎప్పుడూ కలగూరగంప ఊళ్ళే.

ఇక బొంగులో చికెన్. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కితే రోడ్డు పక్కన పొగ కనబడుతుంది. మసాలా పట్టించిన కోడి ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క అక్కర్లేదు, వెదురులోని తడితోనే ఉడుకుతుంది. అడవిలో గిన్నె మోసుకుపోలేని మనుషుల తెలివైన వంట. కోయలు, కొండరెడ్లు ఉండే ఈ నేల నుంచి, అరకు నుంచి, ఆ వంట హైదరాబాద్ ఏసీ హోటళ్ళకి చేరింది. వీకెండ్ టీమ్ లంచ్‌లో వెయిటర్ బొంగు చీల్చి ప్లేట్లో వంచుతుంటే అందరం ఫోన్లు తీసి వీడియోలు తీస్తాం.

ఇప్పుడు పైన చెప్పిన మూడు స్టేజీలు గుర్తు తెచ్చుకోండి. ఇరానీ చాయ్‌తో పాటు ఇరానీ వచ్చాడు, కౌంటర్ దగ్గర కూర్చున్నాడు, ఓనరయ్యాడు. ఇడ్లీతో ఉడిపి ఆయన వచ్చాడు. ఆంధ్రా భోజనంతో ఆంధ్రా ఆయన వచ్చాడు. మండీతో బార్కస్ ఆయన వచ్చాడు. బొంగులో చికెన్‌తో పాటు కోయ మనిషి రాలేదు. మొదటి రెండు స్టేజీలూ స్కిప్ అయిపోయాయి. తమవాళ్ళ కోసం తాము నడుపుకునే హోటలు అనే మెట్టే లేదు, ఎందుకంటే ఆ హోటల్ని పోషించేంతమంది కోయ ఉద్యోగులు ఈ నగరంలో లేరు. వంట వచ్చింది, వండినవాళ్ళు అక్కడే ఉండిపోయారు. మెనూలో ఒక లైనుగా మిగలడమంటే ఇదే.

ఆ మాటకొస్తే భద్రాచలం కథ మొదలయ్యేదే అడవి మనిషి పెట్టిన తిండితో. పోకల దమ్మక్క అనే ఆమె రాముడి విగ్రహాల్ని కనుక్కుని, తాటిపండు నైవేద్యం పెట్టేదని మా వైపు చెప్పుకుంటారు. తర్వాత కంచర్ల గోపన్న గుడి కట్టించాడు, తానీషా కథ, ముత్యాల తలంబ్రాలు అందరికీ తెలిసినవే. నవమికి వచ్చే యాత్రికుల కోసం సత్రాలొచ్చాయి, హోటళ్ళొచ్చాయి. ఆ ఊళ్ళో భోజనం హోటలు నడుపుతున్న కోయ మనిషిని నేను మాత్రం చూడలేదు. దేవుడికి మొదటి నైవేద్యం పెట్టినామె వాళ్ళకి సొంత ఊళ్ళోనే గల్లాపెట్టె వెనక చోటు లేదు. 1/70 చట్టం వాళ్ళ భూమికి కాగితం మీద కాపలా కాసింది కానీ వ్యాపారం, అప్పు, బోర్డు ఇవేవీ ఇవ్వలేదు. ఈ మధ్య మాత్రం కొంచెం మార్పుంది. భద్రాచలం దగ్గర ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో, చిరుధాన్యాలతో లడ్డూలు, బిస్కెట్లు చేసి అమ్ముతున్నారు. "భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్" అనే పేరు 2025లో దేశమంతా వినబడింది. వంటతో పాటు వండినవాళ్ళ పేరు కూడా బయటికి రావడం మా వైపు కొత్తే.

ఇంతటితో ఆపేస్తే మంచి ముగింపులా ఉండేది. కానీ అసలు చెప్పాల్సింది ఇంకొకటుంది. 2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, అటు నక్సలైట్లకీ ఇటు జుడుంకీ మధ్య నలిగి వేలమంది ఆదివాసీలు సరిహద్దు దాటి మా అడవుల్లోకి వచ్చారు. మనవాళ్ళు వాళ్ళని గుత్తికోయలంటారు. అడవి అంచుల్లో గుడిసెలు వేసుకుని, సీజన్ వస్తే మిర్చి తోటల్లో కాయలు ఏరుతారు. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్ళు షెడ్యూల్డ్ తెగ, గీత దాటాక ఎస్టీ సర్టిఫికెట్ లేదు, పట్టా లేదు. 2022 నవంబర్‌లో చంద్రుగొండ మండలంలో ఒక ఫారెస్ట్ రేంజర్‌ని పోడు గొడవలో చంపేశారు. దారుణం, చేసినవాళ్ళకి శిక్ష పడాల్సిందే. కానీ ఆ తర్వాత అక్కడి గ్రామ పంచాయతీ ఒక తీర్మానం చేసింది: గుత్తికోయలందర్నీ ఛత్తీస్‌గఢ్‌కి తిరిగి పంపెయ్యాలని.

గో బ్యాక్. అదే మాట. 1952లో హైదరాబాద్ కుర్రాడు మద్రాసు ఆఫీసర్ని అన్నాడు, అందులో కనీసం కింద ఉన్నవాడు పైనున్నవాణ్ణి అన్నాడని సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ పొలం ఉన్నవాడు కూలివాణ్ణి అంటున్నాడు. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి నల్లరేగడి వెతుక్కుంటూ వచ్చి ఖమ్మంలో స్థిరపడినవాళ్ళం, సింగరేణి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్ళం, రేపు గచ్చిబౌలిలోనో డల్లాస్‌లోనో మనల్ని ఎవరైనా అదే మాటంటే ఎంత బాధపడతామో మనకి తెలుసు. రాజ్యాంగంలో ఆ "పుట్టిన ఊరు" అన్న మాట మన కోసం ఎంత ఉందో వాళ్ళ కోసమూ అంతే ఉంది.

హైదరాబాద్ గొప్పతనం బిర్యానీ రుచిలో ఉందంటే నేనొప్పుకోను. పొమ్మన్న వాళ్ళనే పక్కన కూర్చోబెట్టుకుని, కాస్త ఆలస్యంగానైనా, కలిసి తినడం నేర్చుకుంది. ఆ నేర్పు మా ఖమ్మం, భద్రాచలం ఊళ్ళకి ఇంకా పూర్తిగా రాలేదు. అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో ఒక బోర్డు మీద కోయ పేరు చూడాలని నా కోరిక. గల్లాపెట్టె దగ్గర ఆ ఊరి అక్కే కూర్చోవాలి. జొన్న గటక, చేపల పులుసు, ఇప్పపువ్వు లడ్డూ, బొంగులో చికెన్ అన్నీ రేట్లతో సహా రాసుండాలి. నేను వెళ్ళి తిని, కూర ఇంకొంచెం వెయ్యమని గొడవపడి, ఉప్పు ఎక్కువైందని చెప్పి, డబ్బులు కట్టి రావాలి. ఉడిపి వాళ్ళతో, ఇరానీ వాళ్ళతో మనం ఇన్నేళ్ళుగా చేస్తున్నది అదే కదా.